లెక్కలోకి రాని చూపు

టీవీ సీరియళ్ల గురించి మనం చాలానే రాసుకున్నాం. పట్టుచీరలతో నిద్రలేచే కోడళ్ల గురించి, పాలల్లో విషం కలిపే అత్తల గురించి, ఎంత చదివినా చివరికి వంటింట్లోనే తేలే నాయికల గురించి సదస్సుల్లో పత్రాలు చదివాం, వ్యాసాలు రాశాం, పిల్లల చేత ఎంఫిల్‌లు చేయించాం. అవన్నీ అవసరమే. అయితే ఒక మహిళా కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా జర్నలిజం పాఠాలు చెబుతున్న నాకు, ఆ కథల కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని మిగిలిపోయాయనిపిస్తోంది. ఆ సీరియల్‌ని ఇన్ని లక్షల మంది ఆడవాళ్లు చూస్తున్నారని చెప్పేదెవరు? ఎలా లెక్కపెడతారు? ఆ లెక్క చేతిలో పెట్టుకుని ఎవరెవరు కొట్లాడుకుంటారు? ఆ కొట్లాట ముదిరి ఛానల్ ఆగిపోయినప్పుడు ఎవరి సాయంత్రం ఆగిపోతుంది?

ఈ లెక్కలు వారానికోసారి, గురువారం నాడు వస్తాయి. టీఆర్‌పీ అనే మాట ఇప్పుడు మన ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాయిక చచ్చిపోవాలా, జ్ఞాపకశక్తి పోగొట్టుకుని తిరిగి రావాలా, మొగుడికి రెండో పెళ్లి కావాలా అన్నది ఆ అంకెల్ని బట్టి తేలుతుంది. పది సెకన్ల ప్రకటనకి ఎంత వసూలు చేయాలో కూడా వాటిని బట్టే. అమెరికాలో 1930లలో సబ్బుల కంపెనీల డబ్బుతో నడిచిన రేడియో నాటకాలకు 'సోప్ ఒపెరా' అని పేరొచ్చింది. అప్పటి నుంచీ ఇది ఆడవాళ్ల చెవుల్నీ కళ్లనీ సబ్బుల వాళ్లకి అమ్మే వ్యాపారమే. టీవీ అమ్మే సరుకు కార్యక్రమం కాదు, ప్రేక్షకులే సరుకు అని డాలస్ స్మైత్ 1977లోనే రాశాడు. మా పిల్లలకి ఈ వాక్యం చెప్పినప్పుడల్లా ఒక నిమిషం క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాత ఎవరో ఒకరు, "మరి మనల్ని అమ్మిన డబ్బులో మనకేం రాదా మేడమ్?" అని అడుగుతారు.

లెక్క ఎలా తీస్తారో ముందు చెప్పుకుందాం. మన దేశంలో 1998 నుంచి ట్యామ్ అనే సంస్థ కొన్ని ఇళ్లలో పీపుల్ మీటర్లు పెట్టి ఈ పని చేసేది. 2015 ఏప్రిల్ నుంచి బార్క్ చేస్తోంది. ఛానళ్లు తమ ప్రసారంలోని శబ్దంలో మన చెవికి అందని ఒక గుర్తు కలుపుతాయి. మీటరు ఆ గుర్తుని పట్టుకుని ఏ ఛానల్ నడుస్తోందో కనిపెడుతుంది. కానీ ఎదురుగా ఎవరున్నారో దానికి తెలీదు. అందుకని ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్ కేటాయిస్తారు. టీవీ ముందుకి వచ్చినప్పుడు ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి. లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. 2020 నాటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 21 కోట్లని బార్క్ అంచనా. అప్పటికి మీటర్లున్న ఇళ్లు 44,000. అంటే ఒక్కో మీటరు సగటున 4,700 పైచిలుకు ఇళ్ల తరఫున మాట్లాడుతుందన్నమాట. ఏ ఇంట్లో మీటరుందో బయటికి తెలియకూడదు. నమూనా తీసుకుని మొత్తాన్ని అంచనా కట్టడంలో తప్పేమీ లేదు, గణాంకశాస్త్రమంతా అదే. నా పేచీ ఆ బటన్‌తో.

నాన్న పోయాక అమ్మ ఖమ్మం నుంచి హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గరికి వచ్చేసింది. మా ఇంట్లో మీటరు లేదు. ఉంటే నేనిది రాయకూడదు కూడా. కానీ ఉందనుకుని చూద్దామని 2022 దసరా సెలవుల్లో ఒక సాయంత్రం పెన్సిలూ కాగితమూ పట్టుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. ఏడు గంటల నుంచి తొమ్మిది దాకా. ఆమె లేచినప్పుడల్లా ఒక గీత. పాలు పొంగుతున్నాయేమోనని ఒకసారి, మనవడు చార్టు అంటించమంటే ఒకసారి, తలుపు చప్పుడైతే ఒకసారి, అన్నయ్యకి మంచినీళ్లకి ఒకసారి, దీపం కొండెక్కిందేమోనని ఒకసారి, పొద్దుటికి చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీసుకుందామని ఒకసారి. పద్నాలుగు గీతలు వచ్చాయి. బటన్ ఉంటే ఇరవై ఎనిమిది సార్లు నొక్కాలి. "ఏమిటే ఆ గీతలు, చాకలి పద్దా?" అంది అమ్మ.

వదిన అసలు కూర్చోనే లేదు. రెండు గంటలూ వంటింటి గుమ్మం దగ్గరే. చపాతీలు ఒత్తుతూ, కాలుస్తూ, మధ్యమధ్యలో మెడ చాచి చూస్తూ. టీవీ గదిలో ఆమె లేదు కాబట్టి బటన్ నొక్కే ప్రశ్నే లేదు. భోజనాలయ్యాక ఆ రోజు కథేమిటని అడిగితే వరసగా మూడు సీరియళ్ల కథలూ చెప్పింది. ఏ పాత్ర అబద్ధమాడిందో గొంతుని బట్టే తెలిసిపోయిందట. తొమ్మిదింటికి అన్నయ్య సోఫాలో కూర్చుని వార్తల చర్చ పెట్టాడు. పది దాకా కదల్లేదు. ఆ గంటసేపూ చేతిలో ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. ఏం చర్చించారని అడిగితే, "ఏముంది, అరుచుకున్నారు" అన్నాడు. మీటరు లెక్కలో అన్నయ్య నిండు గంట ప్రేక్షకుడు. అమ్మ ముక్కలు ముక్కలుగా చూసిన మనిషి. వదిన సున్నా.

ఇదొక్క ఇంటి విషయం. దీన్ని పట్టుకుని సూత్రాలు చేయను. కానీ ఈ తేడా గురించి పరిశోధకులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. డేవిడ్ మోర్లీ 1980లలో లండన్‌లో కార్మిక, దిగువ మధ్యతరగతి కుటుంబాల మధ్య కూర్చుని 'ఫ్యామిలీ టెలివిజన్' అనే పుస్తకం రాశాడు. మగవాళ్లు టీవీ చూసేటప్పుడు మాట్లాడకుండా, కదలకుండా చూడాలనుకుంటారనీ, ఆడవాళ్లకి అది మాటలతో, ఇంటిపనితో కలిసిపోయి ఉంటుందనీ అందులో గమనించాడు. అది స్త్రీ పురుషుల స్వభావంలో తేడా కాదు. మగవాడికి ఇల్లంటే విశ్రాంతి తీసుకునే చోటు, ఆడదానికి పనిచేసే చోటు కావడం వల్ల వచ్చిన తేడా. ఆఫీసులో కూర్చుని పని చేసుకుంటూ టీవీ చూడమంటే మగవాళ్లూ మా వదినలాగే చూస్తారు. 'చూడటం' అంటే గదిలో ఉండటం, ఉన్నప్పుడు బటన్ నొక్కడం అని నిర్వచించిన వాళ్లు, ఇంట్లో తీరిగ్గా కూర్చునే మనిషిని మనసులో పెట్టుకునే నిర్వచించారు. మన దేశంలో పూర్ణిమా మంకేకర్ దూరదర్శన్ కాలంలో ఢిల్లీ ఇళ్లలో ఆడవాళ్ల మధ్య కూర్చుని విని రాసిన పుస్తకం 1999లో వచ్చింది. అలాంటి వినడం ఏ మీటరుకీ సాధ్యం కాదు. దానికి ఆ అవసరమూ లేదు. ప్రకటనదారుకీ ఛానల్‌కీ బేరం కుదరడానికి ఇద్దరూ ఒప్పుకునే అంకె కావాలి, అంతే. 'ప్రేక్షకులు' అని సంస్థలు పిలిచేది నిజంగా ఉన్న మనుషుల్ని కాదు, సంస్థలు తమ అవసరానికి తయారుచేసుకున్న బొమ్మని అని ఇయెన్ ఆంగ్ 1991లో రాసింది ఇందుకే.

అంకె ఒక్కటే కాదు, అంకె పక్కన ఒక తరగతి కూడా ఉంటుంది. ఏ తరగతి ఇల్లు చూసిందన్నదాన్ని బట్టి ప్రకటనకి ధర. ఇంటి తరగతి తేల్చడానికి 2011లో ఎన్‌సీసీఎస్ అనే పద్ధతి వచ్చింది. ఏ1 నుంచి ఈ3 దాకా 12 మెట్లు. ఇంటిని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో చెప్పేవి రెండే రెండు సంగతులు. ఒకటి, ఆ ఇంట్లో 11 వస్తువుల జాబితాలో ఎన్ని ఉన్నాయన్నది. కరెంటు, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ పొయ్యి, బండి, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, పొలం. రెండోది, ఆ ఇంటి 'ప్రధాన సంపాదనాపరుడి' చదువు. ఇంటి ఖర్చుకి ఎక్కువ డబ్బు తెచ్చే మనిషన్నమాట.

ఈ జాబితాని నేను ఏటా క్లాసులో బోర్డు మీద రాస్తాను. ఒక ఏడాది ఒకమ్మాయి లేచి, "ఇందులో మిక్సీ ఎందుకు లేదు మేడమ్?" అంది. మంచి ప్రశ్నే. ఇంకొకమ్మాయి, "మా అమ్మ టైలరింగ్ మిషన్ కూడా లేదు" అంది. సరే, వస్తువుల మాట వదిలేద్దాం. రెండోదాని దగ్గర నాకు కడుపులో మండుతుంది. మా వదిన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఈడీ. పెళ్లికి ముందు మూడేళ్లు పాఠాలు చెప్పింది. పిల్లాడు పుట్టాక మానేసింది, అంటే మాన్పించారు. అన్నయ్య బీకాం. ఈ పద్ధతిలో మా ఇంటి మెట్టు తేల్చేది అన్నయ్య బీకామే. వదిన ఎమ్మెస్సీకి గడి లేదు. ఆమె ఉద్యోగం మానిపించింది ఎవరో, ఆ మానిపించడం వల్ల ఆమె చదువుని లెక్కలోంచి తీసేసింది ఎవరో, ఇద్దరూ ఒకరికొకరు తెలియని వాళ్లే. ఫలితం మాత్రం ఒకటే. పితృస్వామ్యం పనిచేయడానికి ఎవరూ కూడబలుక్కోనక్కర్లేదని నేను చెప్పే పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఈ మధ్య, 2020లలో, మార్కెట్ పరిశోధకుల సంఘం ఐఎస్ఈసీ అనే కొత్త వర్గీకరణ తయారుచేసింది. ఇందులో వస్తువుల జాబితా లేదు. ప్రధాన సంపాదనాపరుడి వృత్తితో పాటు, ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివిన మగమనిషి చదువు, ఎక్కువ చదివిన ఆడమనిషి చదువు రెండూ చూస్తారు. ఈ వార్త చెబితే వదిన నవ్వింది. "పోనీలే, ఎవరికో ఒకరికి నా సర్టిఫికెట్ పనికొచ్చింది" అంది. ఆ నవ్వులో ఉన్నది నాకు తెలుసు. ఆడదాని చదువుని బట్టి ఇల్లు ఎలా బతుకుతుందో మారుతుందని మార్కెట్‌కి అర్థమైంది. మంచిదే. కానీ ఆ ఇంట్లో ఆ చదువుకి ఏమైందన్న ప్రశ్న ఆ ఫారంలో ఉండదు.

ఇంటిలోపలి సంగతి ఇలా ఉంటే, ఏ ఊళ్లో మీటర్లు పెడతారన్నది ఇంకో కథ. ట్యామ్ కాలంలో మీటర్లన్నీ నగరాల్లో, పట్టణాల్లో ఉండేవి. 2010లో అమిత్ మిత్రా అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ, అప్పటికున్న సుమారు 8,000 మీటర్లని 30,000కి పెంచాలనీ పల్లెల్ని కలపాలనీ చెప్పింది. పల్లెల లెక్కలు బార్క్ వచ్చాక, 2015 అక్టోబరు నుంచి మొదలయ్యాయి. అంటే మధిర దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ, మిరపకాయలు ఏరి వచ్చి రాత్రి తొమ్మిదింటికి టీవీ ముందు నడుం వాల్చే పెద్దమ్మ, అన్నేళ్లు చూసిన చూపు ఎవరి లెక్కలోనూ లేదు. ఆమె చూసినా చూడకపోయినా ఏ కథా మారలేదు.

మీటర్లు ఉన్నచోటే డబ్బు కూడా తిరిగింది. ఛానల్ మన ఇంటికి నేరుగా రాదు. ముందు పెద్ద కేబుల్ కంపెనీకి వస్తుంది, దాన్నే ఎంఎస్‌వో అంటారు. అక్కడి నుంచి వీధిలో కేబుల్ ఆపరేటర్‌కి, అతని నుంచి మన బాక్సుకి. డీటీహెచ్ అయితే ఇంటి మీద డిష్‌కి. పే ఛానల్‌కి కేబుల్ కంపెనీ డబ్బు కడుతుంది. కేబుల్‌లో చోటు కోసం ఛానలే కేబుల్ కంపెనీకి ఎదురు కట్టడం కూడా ఉంది. దాని పేరు క్యారేజ్ ఫీజు. పాత కేబుల్ వైరులో పట్టే ఛానళ్లు తక్కువ, పట్టించాలనుకునే వాళ్లు ఎక్కువ. పైగా మొదటి వరసలో కనబడితేనే జనం చూస్తారు. అందుకని మీటర్లున్న పట్టణాల్లో ఆ చోటుకి గిరాకీ పెరిగింది. హైదరాబాద్, విశాఖపట్నాల్లో 2013లో డిజిటల్ బాక్సులు తప్పనిసరయ్యాక చోటు పెరిగింది గానీ బేరం పోలేదు. బాక్సు ఆన్ చేయగానే మనం అడగకుండానే ఒక ఛానల్ వస్తుంది చూశారా, ఆ మొదటి తెరకి కూడా డబ్బిచ్చేవాళ్లున్నారు. మనం రిమోట్ వెతుక్కునే లోపు గడిచిన సమయం ఆ ఛానల్ ఖాతాలోకి వెళ్తుందన్న ఆశ. 2018 డిసెంబరులో ట్రాయ్ దీన్ని ఆపాలని చూసింది. 2019లో టీడీశాట్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. చూశామని రాసుకున్న దాంట్లో ఎంత మన ఇష్టం, ఎంత వాళ్ల ఏర్పాటు అన్నది ఇలా కలగలిసిపోయింది.

ప్రేక్షకులకి స్వేచ్ఛ ఇస్తున్నామని 2019లో కొత్త ధరల పద్ధతి అమల్లోకి వచ్చింది. అప్పట్లో నెలకి 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు కడితే 100 ఛానళ్లు వచ్చేవి. ఆపైన పే ఛానళ్లు ఎవరికి కావలసినవి వాళ్లు ఎంచుకోవచ్చు. ఛానల్ ధర తెర మీద కనబడాలి. కాగితం మీద ఇది మంచి మార్పే. మా ఇంటికి కేబులబ్బాయి ఫారం పట్టుకుని వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. అమ్మ తలుపు తీసింది. "సార్ లేరా అమ్మా?" అన్నాడు. "ఏ ఛానళ్లు కావాలో చెప్పాలి, సార్ వచ్చాక వస్తాను." రోజుకి పద్నాలుగు గంటలు ఆ ఇంట్లో ఉండేది అమ్మా వదినా. టీవీ నడిచేది వాళ్ల వేళల్లో. కానీ కనెక్షన్ అన్నయ్య పేరు మీద, ఫోన్ నంబరు అన్నయ్యది, ఓటీపీ వచ్చేది అన్నయ్యకి. సాయంత్రం అన్నయ్యే టిక్కులు పెట్టాడు. స్పోర్ట్స్ వచ్చింది, ఇంగ్లీషు సినిమాలు వచ్చాయి. "నీకేం కావాలమ్మా?" అని అడిగాడు కూడా, మా అన్నయ్య చెడ్డవాడేమీ కాదు. "ఏదో ఒకటి పెట్టరా, మీకు వచ్చేవే నాకూ" అంది అమ్మ. పేర్లు చెప్పలేక కాదు. ఒక్కో ఛానల్‌కీ ఇంత డబ్బని పక్కనే రాసి ఉంటే, కొడుకు డబ్బుతో తనకోసం ఒక వస్తువు అడగడం ఆమెకి చేతకాలేదు. ఎంపిక అనే మాట మీద మనం ఎన్నో చర్చలు చేశాం. చేతిలో తన డబ్బు లేని మనిషికి ధరల పట్టిక ఇచ్చి ఎంచుకోమంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది?

ఆ ధరల మీదే 2023 ఫిబ్రవరిలో పెద్ద గొడవ జరిగింది. 2022 నవంబరులో ట్రాయ్ నిబంధనలు సవరించింది. ఛానళ్లు ఫిబ్రవరి నుంచి కొత్త రేట్లు ప్రకటించాయి. ఆ రేట్లకి ఒప్పందాలు చేసుకోమంటే కేబుల్ కంపెనీల సమాఖ్య ఒప్పుకోలేదు. దాంతో డిస్నీ స్టార్, జీ, సోనీ సంస్థలు సంతకాలు చేయని కేబుల్ కంపెనీలకి ప్రసారాలు ఆపేశాయి. దేశంలో సుమారు 4.5 కోట్ల ఇళ్లలో ఆ ఛానళ్లు పోయాయని కేబుల్ సమాఖ్య చెప్పింది. కోర్టుకెక్కారు, వారం తిరక్కముందే రాజీపడ్డారు, బొమ్మ మళ్లీ వచ్చింది. ఇంటర్నెట్‌లో చూసుకునే వాళ్లకి ఇది జరిగిందని తెలిసి కూడా ఉండదు.

మా ఇంట్లో పనికి వచ్చే ఆమెకి తెలిసింది. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. ఇంట్లో చిన్న టీవీ, కేబుల్ కనెక్షన్ ఆమె పేరు మీదే ఉంది, ఎందుకంటే ఆ ఇంట్లో ప్రధాన సంపాదనాపరుడు ఆమే. "మొన్ననే పైసలు కట్టినమ్మా. చూద్దామంటే బొమ్మే లేదు. అడిగితే మా తప్పు కాదంటడు కేబులోడు. మరెవరి తప్పు?" అంది. నేను జర్నలిజం టీచర్ని కాబట్టి నియంత్రణ సంస్థ, సవరణ, ఒప్పందం అని వివరించబోయాను. మధ్యలోనే ఆపేసింది. "అదంత నాకెందుకు? నేను కట్టిన నెల పైసల్ల అయిదు రోజులు తగ్గిస్తరా?" ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ వారమంతా పత్రికలు రెండు పక్షాల ప్రకటనల్నీ వేశాయి. ఛానళ్లు ప్రేక్షకుల పేరు చెప్పాయి, కేబుల్ కంపెనీలూ ప్రేక్షకుల పేరే చెప్పాయి. ప్రేక్షకురాలి మాట మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

తెలుగువాళ్లకి ఛానళ్లు ఆగిపోవడం కొత్త కాదు. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన రెండు వారాలకే, ఇక్కడి కేబుల్‌లో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. 2019 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఏబీఎన్, టీవీ5 ఆగాయి. 2024 జూన్‌లో అక్కడే ప్రభుత్వం మారాక టీవీ9, సాక్షి, ఎన్‌టీవీ, 10టీవీ ఆగాయి. టీవీ9 విషయంలో ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకుని పునరుద్ధరించమంది. అప్పుడల్లా భావప్రకటనా స్వేచ్ఛ గురించి సంపాదకీయాలు వచ్చాయి, రావాలి కూడా. నా ప్రశ్న వేరే. వార్తలు ఆగితే హక్కు ఆగినట్టు, సీరియల్ ఆగితే 'ఆడవాళ్ల గోల' ఎలా అయింది? సీరియళ్లు గొప్పవని నేననడం లేదు. వాటిలో చాలావాటిని నేను ఉతికి ఆరేశాను, ఇకముందూ ఆరేస్తాను. కానీ ఒక మనిషి రోజంతా పనిచేసి, డబ్బు కట్టి, తనకంటూ పెట్టుకున్న అరగంట విలువ ఆ అరగంటలో ఆమె ఏం చూస్తుందన్నదాన్ని బట్టి తగ్గిపోదు. మగవాళ్లు చూసేది సమాచారం, ఆడవాళ్లు చూసేది కాలక్షేపం అన్న విభజనని మనమూ ఒప్పేసుకుంటున్నామేమో ఆలోచించాలి. అమెరికా రేటింగుల చరిత్ర మీద పనిచేసిన ఐలీన్ మీహన్ 2002లో రాసిన వ్యాసంలో, ఇంటి కొనుగోళ్లలో ఆడవాళ్ల పాత్ర అంత ఉన్నా మార్కెట్ మగ ప్రేక్షకుడినే ఎక్కువ విలువైన సరుకుగా చూస్తూ వచ్చిందని చూపించింది. మార్కెట్ లాభాన్ని బట్టి నడుస్తుందనుకుంటాం. దానికి కూడా ఆచారాలుంటాయన్నమాట.

2020 అక్టోబరులో ముంబై పోలీసులు బయటపెట్టామన్న టీఆర్‌పీ కేసు గుర్తుండే ఉంటుంది. మీటరున్న కొన్ని ఇళ్లకి నెలకి 400, 500 రూపాయలిచ్చి కొన్ని ఛానళ్లు పెట్టి ఉంచమన్నారని ఆరోపణ. ఆ తర్వాత బార్క్ వార్తా ఛానళ్ల రేటింగులు ఆపేసి, 2022 మార్చిలో తిరిగి మొదలుపెట్టింది. కేసుని ప్రభుత్వం ఉపసంహరించుకుంటానంటే 2024లో కోర్టు అనుమతించింది. ఆరోపణ నిలబడలేదు, నేనేమీ తీర్పు చెప్పను. నన్ను బాధపెట్టింది అప్పటి వెటకారం. ఇంగ్లీషు రాని ఇంట్లో ఇంగ్లీషు వార్తలేమిటని ఎంత నవ్వుకున్నారో! ఆ ఆరోపణ నిజమే అనుకున్నా, ఆ ఇళ్లలో ఆడవాళ్లుంటారు కదా. 500 రూపాయలు ఎవరి చేతికి వచ్చేవి? భాష తెలియని ఛానల్ పొద్దస్తమానం మోగుతున్న గదిలో పనిచేసుకున్నదెవరు? ఆమెకి ఇష్టమైనది చూడాలంటే ఎవర్ని అడగాలి? పోలీసులు, ఛానళ్లు, లాయర్లు, వ్యాఖ్యాతలు అన్ని నెలలు మాట్లాడారు. ఎవరి చూపుని కొన్నారని అన్నారో ఆ మనిషిని అడిగినట్టు నేనెక్కడా చదవలేదు.

ఇంతకీ ఈ లెక్కల సంస్థ ఎవరిది? బార్క్‌లో 60 శాతం ఛానళ్ల సంఘానిది. ప్రకటనదారుల సంఘానికి 20, ప్రకటనల ఏజెన్సీల సంఘానికి 20. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, మధ్యవర్తులు. సరుకుకి వాటా ఉండదు కదా! ట్రాయ్ సంప్రదింపుల పత్రాలు విడుదల చేసి అందర్నీ అభిప్రాయాలు చెప్పమంటుంది. ఇంగ్లీషులో వందల పేజీలుండే ఆ పత్రాలకి జవాబులు రాసేది ఎక్కువగా కంపెనీలే. మనలో ఎంతమందిమి ఒక్కసారైనా రాశాం? కుటుంబ చట్టాల మీద, పని ప్రదేశాల్లో వేధింపుల మీద ముసాయిదాలు వస్తే రాత్రులు కూర్చుని సూచనలు రాసినవాళ్లం. ఇంట్లో ప్రతి సాయంత్రం ఆడవాళ్లని తూకం వేసే పద్ధతి మీద కూడా రాయగలం. 'చూడటం' అంటే ఏమిటో, ఇంటి తరగతి ఎవరి చదువుతో తేలాలో, మీటరున్న ఇంట్లో ఆడవాళ్ల అంగీకారం విడిగా తీసుకున్నారో లేదో అడగగలం. బొమ్మ ఆగిన రోజులకి డబ్బు వెనక్కివ్వమని అడగగలం. ముందుగా మన ఇళ్లలో కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో, ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుందో చూసుకోగలం.

ఛానళ్లూ కేబుల్ కంపెనీలూ తగువుపడితే వెళ్లే టీడీశాట్ గురించి ఒక చిన్న సంగతి చెప్పి ఆపేస్తాను. ట్రాయ్ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం అక్కడ సేవలందించే సంస్థల మధ్య తగాదాలే కాదు, సంస్థకీ 'వినియోగదారుల బృందానికీ' మధ్య తగాదాలు కూడా వినాలి. ఒక్క మనిషి వెళ్లి నా సీరియల్ ఆగిపోయిందంటే అది వినియోగదారుల ఫోరానికి వెళ్లమంటుంది. పదిమంది కలిసి వెళ్తే వినాల్సిందే. మా ఇంటికి వచ్చే ఆమెకి ఈ మాట చెప్పాను. "మా బస్తీల ఇరవై మందిమి ఉన్నం, గ్రూపు పుస్తకం కూడ ఉంది. ఎక్కడ సంతకం పెట్టాలె?" అంది. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించిన నేల ఇది. పొదుపు సంఘాల పద్దులు రాసుకుంటూ పాతికేళ్లు గడిపిన ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లకి బృందం కట్టడం మనం నేర్పక్కర్లేదు. ఆ అర్జీ తెలుగులో ఎలా రాయాలో కూర్చుని రాసిపెట్టడం మాత్రం మన పని.